శ్రీకాకుళంలో చెక్కపని రిపేర్లకి వడ్రంగి దొరకడం లేదు. ఎలా వెతకాలి, ఎలా మాట్లాడుకోవాలి?

అరసవల్లి రోడ్డు
అందరికీ నమస్కారం. నాన్నగారు కట్టించిన డాబా ఇల్లు మాది. తలుపులు, కిటికీలు అన్నీ అప్పటి టేకువే. ఇప్పుడున్న పనులు ఇవి. వానలు మొదలైతే వీధి తలుపు పట్టేస్తోంది, భుజం పెట్టి నెట్టాల్సి వస్తోంది. బాత్రూం తలుపు కింద జానెడు మేర కుళ్లిపోయింది. వంటింటి చెక్క అలమరకి చెదలు. ఒక కిటికీ రెక్క వేలాడుతోంది.

ఇద్దరు మేస్త్రులు వచ్చి చూశారు. ఒకాయన "రేపు సామాను తెస్తానమ్మా" అని వెళ్లారు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. రెండో ఆయన తలుపు ముట్టుకోకుండానే "ఇవన్నీ పీకేసి రెడీమేడ్‌వి పెట్టేద్దాం మేడమ్" అన్నారు. బంగారంలాంటి టేకు తలుపు పీకేయడమేంటి? రోజు కూలికి పిలవాలా, గుత్తకి ఇవ్వాలా? దయచేసి ఎవరి ఫోన్ నంబర్లూ ఇక్కడ పెట్టకండి, వెతికే పద్ధతి చెప్తే చాలు.

గంటస్తంభం మాస్టారు
అమ్మా, మాది విజయనగరం. ఎవరిని పిలిచారన్నదానికంటే ఏ నెలలో పిలిచారన్నది ముందు చూసుకోవాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం అంటే గుమ్మాలు ఎత్తే ముహూర్తాలు. కొత్త ఇంటి గుమ్మం దగ్గర మేస్త్రికి కూలితో పాటు తాంబూలం, బట్టలు కూడా ఉంటాయి, అది వదులుకుని మీ కిటికీ రెక్కకి ఎవరొస్తారు? ఆషాఢంలో కొత్త గుమ్మం ఎవరూ ఎత్తరు. అప్పుడు కబురంపితే తీరిగ్గా వచ్చి చేస్తారు. ఇంకొకటి, మనవైపు వడ్రంగుల్లో చాలామంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. సంక్రాంతికి ఊరొచ్చి, ముక్కనుమ దాటాక తిరుగు రైలెక్కేలోగా ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంటారు. నేను పట్టుకునేది అప్పుడే.

మా ఊళ్లో అయితే దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, అంటే పైడితల్లమ్మ సిరిమాను పండగ దాటేదాకా ఎవరినీ ఏ పనీ అడక్కండి. చింతమాను చెక్కి సిరిమాను చేసేది కొద్దిమందే, చూడ్డానికి పోయేది మాత్రం అందరూ!

నాగావళి గట్టు
మాస్టారూ, ఆషాఢం దాకా ఆవిడ వీధి తలుపు భుజంతో నెట్టుకుంటూ ఉండాలా ఏంటి 😀

మేడమ్, పొద్దున్నే సామిల్లు దగ్గరికి వెళ్లండి. ఇంటికి చెక్క కోయించుకోవడానికి వచ్చిన మేస్త్రులు అక్కడే దొరుకుతారు. ప్లైవుడ్ షాపులో అడిగితే ఎక్కువగా కప్‌బోర్డులు, మాడ్యులర్ కిచెన్‌లు చేసే బ్యాచ్‌ని పంపిస్తారు. వాళ్ల పని మంచిదే, కానీ వేరే పని. పాత కర్ర తలుపుకి చిత్రిక పట్టమంటే చేతిలో మెషిన్ పట్టుకుని చూస్తూ నిలబడతారు. పైగా షాపుకి కమీషన్ ఉంటుంది, అది మన బిల్లులోనే ఎక్కుతుంది.

బాడిస
మాది ఆమదాలవలస దగ్గర. తాతగారి నుంచి ఇదే వృత్తి, నేనూ అదే చేస్తున్నాను. మేస్త్రులు మాట తప్పుతారని అందరూ అంటారు కాబట్టి మావైపు సంగతి కూడా చెప్తాను.

ఒక తలుపు దించి, సరిచేసి, మళ్లీ బిగించడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల కోసం సామానంతా బండికి కట్టుకుని రావాలి. ఆరోజు ఇంకో చోట కూలి పోయినట్టే. పనయ్యాక ఇంటివాళ్లు "ఇంతేనా పని, మూడొందలు తీసుకో" అంటారు. ముఖం మీద కాదనలేక "రేపొస్తాను" అంటాం. తప్పే, కాదనను. కానీ ఫోన్‌లో "చిన్న పని ఉంది" అన్న మాట వినగానే మాకు అర్థమయ్యేది డబ్బులు తక్కువని.

మేడమ్ గారి పనులు నాలుగూ కలిపితే మేస్త్రికి, హెల్పర్‌కి కలిపి రోజున్నర పని. అలాగే చెప్పి పిలవండి. "రోజున్నర పని ఉంది, రోజు కూలి ఇస్తాం, ఫొటోలు పంపుతున్నాం" అంటే రానివాడు ఉండడు. పక్కింటి వాళ్లవి కూడా ఏమైనా ఉంటే కలపండి, ఇంకా మంచిది.

రిపేరుకి గుత్త మాత్రం వద్దు. పాత తలుపు విప్పాక లోపల ఏముందో మాకూ తెలీదు. గుత్త ఒప్పుకున్నవాడు ఆ అనుమానానికి కూడా కలిపి ధర చెప్తాడు, లేదా మధ్యలో పని తేల్చేస్తాడు. కొత్త పని అయితే గుత్తే మేలు, ఎందుకంటే అక్కడ కొలత ఉంటుంది.

అరసవల్లి రోడ్డు
బాడిస గారూ, చాలా థ్యాంక్స్. ఇలా ఎవరూ చెప్పలేదు. మరి వీధి తలుపుకి చిత్రిక పట్టించేయనా?

బాడిస
ఇప్పుడు వద్దమ్మా! వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగులో పెద్దగా మారదు. ఇప్పుడు పావంగుళం చెక్కేస్తే వేసవిలో ఆ సందులోంచి వీధి కనిపిస్తుంది.

ముందు బందులు (తలుపుని గుమ్మానికి పట్టి ఉంచే మడత పట్టీలు) చూడండి. తలుపు పైమూల కొట్టుకుంటోందా, పక్కంతా పట్టేస్తోందా? గడియవైపు పైమూల మాత్రమే గుమ్మానికి రాసుకుంటుంటే లేదా కిందమూల నేలకి తగులుతుంటే అది ఉబ్బడం కాదు. పై బందు స్క్రూలు లూజై తలుపు వాలింది. స్క్రూలు తీసి, ఆ రంధ్రాల్లో వెదురు పుల్లలు ఫెవికాల్‌తో గట్టిగా దిగగొట్టి, ఆరాక సమానంగా కోసి, కాస్త పొడుగు స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. మీ కిటికీ రెక్కకి కూడా అదే మందు.

పక్కంతా సమానంగా పట్టేస్తుంటే మాత్రం ఉబ్బినట్టే. రాసుకునే చోట ప్రస్తుతానికి కొవ్వొత్తి రుద్దండి. ఎండలు వచ్చాక తలుపు దించి, కొద్దిగా చిత్రిక పట్టి, అప్పుడు తలుపు నెత్తిన, అడుగున కూడా వార్నిష్‌గానీ రంగుగానీ వేయించండి. ముందూ వెనకా మెరిసేలా వేస్తారు, ఆ రెండు అంచులు ఎవరికీ కనిపించవని వదిలేస్తారు. చెమ్మ దూరేది అక్కడినుంచే.

లెక్కల టీచర్
బాడిస గారి పోస్టు సేవ్ చేసుకున్నాను. నేను ఒకటి చేరుస్తాను. మేస్త్రి పనితనం తెలియాలంటే స్క్రూ ఎలా బిగిస్తాడో చూడండి. ముందు బర్మాతోనో డ్రిల్‌తోనో చిన్న రంధ్రం వేసి స్క్రూడ్రైవర్‌తో తిప్పేవాడు ఒకరకం. సుత్తితో టకటకా కొట్టి చివర్లో ఒక్క తిప్పు తిప్పేవాడు ఇంకో రకం. సుత్తి దెబ్బకి రంధ్రంలో చెక్క చీలిపోయి ఆ స్క్రూకి పట్టు ఉండదు. మా ఇంట్లో కొత్త తలుపులు ఏడాదికే వాలడానికి కారణం అదే. ఎవరు చేశారన్నది వద్దులెండి.

వంశధార తీరం
నేను బెంగళూరులో ఉంటాను, అమ్మానాన్నలు నరసన్నపేట దగ్గర. కొత్తగా రెండు గదులు వేస్తున్నాం, గుమ్మాలు, తలుపులు కావాలి. చెక్కతో సహా మొత్తం ఒకాయనకి మాట్లాడి అడ్వాన్స్ పంపాను. చెక్క కొన్నానంటాడు, చూపించడు. నాన్న అడిగితే "మిల్లులో ఉంది బాబాయ్" అంటాడు. టెన్షన్‌గా ఉంది. ఇలాంటప్పుడు దూరంలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

లెక్కల టీచర్
వంశధార గారూ, ముందు చెక్కనీ కూలినీ విడదీయండి. చెక్క డబ్బు మీరే నేరుగా మిల్లుకి కట్టి బిల్లు మీ పేరున తీసుకోండి. మేస్త్రికి కూలి మాత్రమే. అది కూడా గుమ్మాలు నిలబెట్టాక కొంత, రెక్కలు బిగించాక కొంత, గడియలు పడ్డాక మిగతాది.

చెక్క లెక్క మీరే వేసుకోవచ్చు. పొడుగు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఐదు అంగుళాలు బై మూడు అంగుళాల గుమ్మం అనుకోండి. నిలువులు ఏడు అడుగులవి రెండు, అడ్డాలు నాలుగు అడుగులవి రెండు, మొత్తం 22 అడుగులు. 22 × 5 × 3 = 330. దాన్ని 144తో భాగిస్తే దాదాపు 2.3 ఘనపుటడుగులు. ఒక గుమ్మానికి మూడున్నర ఘనపుటడుగులు పట్టిందని ఎవరైనా అంటే ఎక్కడ పట్టిందో చూపించమనండి.

బాడిస
లెక్క కరెక్టే టీచర్ గారూ, కానీ అది నిలబెట్టిన గుమ్మం లెక్క. కోతలో రంపం తినేది, పగులు వచ్చి పక్కన పడేసేది, చివర్లు కత్తిరించేది ఉంటాయి. అదీకాక, మిల్లులో ఐదు బై మూడు కోసింది చిత్రిక పట్టాక నాలుగు ముప్పావు బై రెండు ముప్పావు అవుతుంది. ఇంటివాళ్లు టేపు పెట్టి "పావంగుళం తినేశావు" అంటారు. బిల్లు ఎప్పుడూ కోత సైజు మీదే ఉంటుంది. ఇది ముందే మాట్లాడుకోవాలి.

లెక్కల టీచర్
తరుగు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తరుగు ముక్కలు ఎవరికి వెళ్తున్నాయి? మా ఇంట్లో మిగిలిన టేకు ముక్కలన్నీ సాయంత్రం బండి మీద వెళ్లిపోయేవి. చెక్క నాది అయినప్పుడు ముక్కలు కూడా నావే కదా.

బాడిస
పొయ్యిలోకి వెళ్లే ముక్కలు తీసుకుంటాం, అది పాత అలవాటు. అడుగున్నర, రెండు అడుగుల ముక్క మాత్రం ఇంటివాళ్లదే. దాంతోనే కిటికీ బిళ్లలు, పీటలు వస్తాయి. అలాంటివి తీసుకెళ్లేవాళ్లు లేరని నేనూ అనను.

ఉద్దానం కుర్రోడు
అందరూ టేకు టేకు అంటారేంటి బావా! మా కవిటి వైపు పాత ఇళ్లల్లో తలుపులు పనసవే. మా తాత పెట్టించిన వీధి తలుపు ఇప్పటికీ పసుపు పోయి ముదురు గోధుమరంగు తిరిగి నిగనిగలాడుతోంది, చెద ముట్టుకోలేదు. బొబ్బిలి వీణ చేసేది కూడా పనస చెక్కతోనే కదా. ఒక్క మొద్దులోంచి వీణంతా తొలుస్తారు, ఆ చెక్క వంకర తిరిగితే శ్రుతి నిలుస్తుందా?

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మావైపే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎన్ని పడిపోయాయో చెప్పలేం. తోటలు పోయిన బాధ ఎలాగూ ఉంది. ఆ పడిన పనస మొద్దుల్ని కోయించి నీడలో ఆరబెట్టుకున్నవాళ్లకి మాత్రం ఇప్పుడు మంచి చెక్క ఉంది. వంశధార గారు ఒకసారి సోంపేట, కవిటి వైపు అడిగించండి.

గంటస్తంభం మాస్టారు
పనస మాట నిజమే. అయితే చేవ (నడిమి గట్టి చెక్క) ఉన్న ముదురు చెట్టు కావాలి. లేత మొద్దులో చుట్టూ తెల్లచెక్క ఎక్కువ, పురుగు ముందు దాన్నే పట్టుకుంటుంది. టేకులోనూ అంతే. తెల్లచెక్క ఉన్న టేకు కంటే చేవ ఉన్న పనస వెయ్యి రెట్లు నయం.

పచ్చి చెక్కతో తలుపు చేయించుకునేవాళ్లకి ఒక దండం. అంగుళం మందానికి ఏడాది ఆరాలి అనేది పెద్దల లెక్క. అంత ఆగలేకపోతే ఆరిన చెక్క ఉన్న మిల్లు చూసుకోవాలి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని నిన్న కోసిన చెక్కని ఇవాళ బిగిస్తారు, వేసవిలో తలుపు అప్పడంలా వంకర తిరుగుతుంది.

వంశధార తీరం
మా పొలం గట్టు మీద టేకు చెట్లు ఉన్నాయి. నాన్న అవే కొట్టించేద్దాం అంటున్నారు. కొనే ఖర్చు ఉండదు కదా?

గంటస్తంభం మాస్టారు
గొడ్డలి పట్టే ముందు అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లమనండి బాబూ. సొంత పొలంలో టేకైనా కొట్టడానికి అనుమతి, మిల్లుకి తరలించడానికి పర్మిట్ ఉండాలి. చెట్లకి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది, రవాణా రూల్స్ అంతకంటే చాలా పాతవి. మధ్యలో బండి ఆపితే చెట్టు మాదే అంటే వినరు, కాగితం అడుగుతారు. కాగితం వచ్చినా మళ్లీ పచ్చి చెక్కే, ఆరబెట్టాలి. ఈ రెండు గదులకి అది కుదరదు.

అరసవల్లి రోడ్డు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. చెదల సంగతి ఎవరూ చెప్పలేదు.

సివిల్ సైటు
నేను చెప్తాను. నేను ఇళ్ల పనులు చూస్తుంటాను. మేడమ్, చెద అలమరలో పుట్టదు. నేలలోంచి గోడ వెంబడి మట్టి దారి వేసుకుని పైకి వస్తుంది. అలమర వెనక, స్కిర్టింగ్ దగ్గర, ఎలక్ట్రికల్ పైపు పక్కన ఆ దారి వెతకండి. కొత్త చెక్క వేయించినా దారి అలాగే ఉంటే మళ్లీ తినేస్తుంది. కాబట్టి వడ్రంగి కంటే ముందు మందు పని. గోడ, నేల కలిసే చోట అడుగుకో రంధ్రం చొప్పున వేసి మందు నింపి సిమెంటుతో మూస్తారు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు కలుపుతారు. వంటిల్లు కాబట్టి మీరు చేయొద్దు, తెలిసినవాళ్లతో చేయించండి. గిన్నెలు, సరుకులు అన్నీ బయటికి తీశాకే.

తర్వాత అలమరకి ప్లైవుడ్ వేయించుకుంటే ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది, అంటే మెరైన్ ప్లై, తీసుకోండి. 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. సింక్ పక్కన అదే వాడాలి. హాల్లో టీవీ యూనిట్‌కి ఐఎస్ 303 సరిపోతుంది, అక్కడ మెరైన్ ప్లై అంటే డబ్బు దండగ. ఎనిమిది బై నాలుగు షీటు అంటే 32 చదరపు అడుగులు. కప్‌బోర్డుకి అడుగుకి ఇంత అని మాట్లాడుకునేటప్పుడు ముందు వైపు కొలతేనా, లోపలి అరలు కూడా కొలుస్తారా అని తప్పకుండా అడగండి. గొడవలన్నీ అక్కడే.

బాత్రూం తలుపు చెక్కది మళ్లీ పెట్టించకండి. గుమ్మం బాగుంటే పీవీసీ తలుపు చాలు. గుమ్మం అడుగు కూడా మెత్తబడితే రెండూ మార్చాలి.

ఉద్దానం కుర్రోడు
చెదకి మావైపు జీడిపిక్కల నూనె వాడతారు. పలాసలో పిక్కల పెంకు నుంచి తీసే నల్ల నూనె. ఇంటి వాసాలకి, దూలాలకి పూసేవారు. ఒంటి మీద పడితే బొబ్బలెక్కిపోతుంది, చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వంటింటి అలమరకి కాదు, పశువుల సాల కప్పుకి, పెరటి పాకకి బాగుంటుంది.

నాగావళి గట్టు
పీఎం విశ్వకర్మ పథకం కార్డు ఉన్న మేస్త్రిని పెట్టుకోమని మా ఆఫీసులో ఒకరు అన్నారు. దానివల్ల మనకేమైనా ఉపయోగముందా?

బాడిస
నాకుంది ఆ కార్డు. 2023 సెప్టెంబర్ 17న పథకం మొదలైంది. 18 వృత్తులు, అందులో వడ్రంగం ఒకటి. ట్రైనింగ్‌లో రోజుకి 500 ఇచ్చారు, పనిముట్లకి 15,000. అప్పు మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు, ఐదు శాతం వడ్డీ. మాకు మంచి పథకం. కార్డు ఉన్నవాడు బాగా చేస్తాడని మాత్రం అనుకోకండి. చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. కొత్తది కాదు, రెండు వానాకాలాలు చూసిన ఇల్లు. తలుపు గడియ ఒక్క వేలితో పడుతోందా లేదా చూసి మాట్లాడుకోండి.

మనకి సముద్రం గాలి ఉంది. ఇనుప స్క్రూలు, ఇనుప బందులు తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌వి కొని మీరే చేతికివ్వండి. బరువైన వీధి తలుపుకి మూడు బందులకి తక్కువ వద్దు, నాలుగైతే ఇంకా మంచిది.

అరసవల్లి రోడ్డు
కూలి రేట్లు ఎలా ఉన్నాయి? మా వీధిలో మేస్త్రికి వెయ్యి పైన, హెల్పర్‌కి ఏడెనిమిది వందలు అడుగుతున్నారు.

నాగావళి గట్టు
మాకూ అంతే మేడమ్. పని టైము కూడా మాట్లాడుకోండి, తొమ్మిదికి వచ్చి ఐదున్నరకి వెళ్లేదే ఒక రోజు. పదకొండుకి వచ్చి పూర్తి కూలి అడిగితే ఆరోజే చెప్పాలి, చివర్లో లెక్క కట్టేటప్పుడు గుర్తు చేస్తే గొడవే.

వంశధార తీరం
అప్‌డేట్: నాన్న వెళ్లి మిల్లులో చూశారు. చెక్క ఉంది, కానీ బిల్లు మేస్త్రి పేరున ఉంది, సగం తెల్లచెక్కే. మార్చి ఇవ్వమని మిల్లువాళ్లతో మాట్లాడుతున్నారు. ఇకమీదట డబ్బు మిల్లుకే నేరుగా పంపుతాను.

గంటస్తంభం మాస్టారు
మార్చేటప్పుడు నాన్నగారు పక్కనే నిలబడమనండి. తీసుకున్న ప్రతి ముక్క మీద రంగు చాక్‌పీస్‌తో గుర్తు పెట్టించండి. మిల్లులో అన్ని చెక్కలూ ఒకలాగే కనిపిస్తాయి.

లెక్కల టీచర్
బాడిస గారూ, ఇక్కడే ఇంకో ప్రశ్న. అమ్మమ్మ గారి పాత పట్టెమంచం ఉంది. విశాఖలో ఫ్లాట్‌కి తీసుకెళ్లాలి, బెడ్‌రూంలో పొడుగు పట్టడం లేదు. పట్టెలు (పక్క చట్రం కర్రలు) కోయించి పొట్టి చేయించవచ్చా? మంచం కోళ్లు (కాళ్లు) కూడా కాస్త ఊగుతున్నాయి.

బాడిస
పట్టె కోస్తే కోడులోకి దిగే కుసి (కొసన ఉండే నాలుక) పోతుంది, కొత్త కుసి చెక్కాలి. చెక్క ముదురుదైతే వస్తుంది, ఎండిపోయి పెళుసుగా ఉంటే చీలుతుంది. కోళ్లు ఊగుతున్నాయని పైనుంచి మేకులు కొట్టించకండి, విప్పినప్పుడు కోడు పగులుతుంది. కుసి పక్కన చీల పెట్టి బిగించాలి. కోడు, పట్టె కలిసే చోట దగ్గరగా ఒక ఫొటో, మొత్తం మంచం ఒక ఫొటో పెట్టండి. ఏ చెక్కో చూసి చెప్తాను.